ట్రాక్టరు మీద చపాతీ పీట

ఆ రోజు పొద్దున ఇంటి పని త్వరగా ముగించుకుని గోడ అవతలి షెడ్డుకు పోవాల్సి ఉంది నేను. పక్కింటి కాక ముందు రోజు సాయంత్రమే చెప్పాడు, "పొద్దుగాల చాయ్ తాగినంక ట్రాక్టరు స్టార్ట్ చేసి చూద్దాం బిడ్డా. నువ్వస్తెనే చేస్త" అని. అందుకే బియ్యం కడిగి, కూరగాయలు తరిగి మూతపెట్టి, చేతులు తుడుచుకుంటూ వెనక గుమ్మంలోకి వచ్చాను. గోడ అవతల చిన్నమ్మ, కాక భార్య, నిలబడి ఉంది. ఎప్పుడూ గోడ మీద మోచేతులు ఆనించి మాట్లాడే మనిషి, ఆ రోజు గోడను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది.

"ఇయ్యాల ఇంజను లేదు బిడ్డా. మీ కాక లేస్తలేడు" అంది.

గోడ చుట్టూ తిరిగి పోయేసరికి ఆయన మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. ఒక చెయ్యి చెంప కింద ఉంది. గోళ్ళలో నల్ల గ్రీజు. నిద్రపోయినట్టే ఉన్నాడు గానీ చెయ్యి ముట్టుకుంటే తెలిసిపోయింది. దవాఖాన నుంచి డాక్టరు వచ్చి చెప్పేదాకా చిన్నమ్మ ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దుతూనే ఉంది.

ఆయన మాకు రక్త సంబంధీకుడు కాడు. బొగ్గు గని వాళ్ళ సెంటినరీ కాలనీలో మా క్వార్టర్ల వరుసలో చివరిది మాది. దాని వెనక గోడ అవతల, రిటైరయ్యాక ఆయన కట్టుకున్న రెండు గదుల ఇల్లు, ఇంటికన్నా పెద్ద రేకుల షెడ్డు. వాళ్ళు చర్చికి పోతారు, మేము గుడికి పోతాం. నేను ఆయనను కాకా అన్నాను, ఆయన నన్ను బిడ్డా అన్నాడు. ఆ లెక్కన గనిలో పనిచేసే మా ఆయన వాళ్ళకు అల్లుడైపోయాడు. "ఏం అల్లుడా, డ్యూటీ అయ్యిందా, తప్పించుకొని అచ్చినవా?" అని గోడ మీది నుంచి రోజూ అడిగేవాడు. మా ఆయన రోజూ అదే జవాబు చెప్పేవాడు, "నీ తీర్గ కాదు మామా, పని చేసే అచ్చిన."

కాక భూగర్భ గనిలో హాలేజీ ఫిట్టరు. బొగ్గు నింపిన టబ్బులను ఉక్కు తాడుతో పైకి లాగే యంత్రాలను బాగుచేసేవాడు. రిటైరైన తర్వాత కొందరు పేకాటకు, కొందరు పొలానికి, కొందరు మనవల వెంట పోతారు. ఈయన పాత ఇంజన్ల వెంటపడ్డాడు. బావుల దగ్గర మోటార్లు వచ్చాక మూలకు పడేసిన ఆయిల్ ఇంజను, మూతపడ్డ పిండిమర ఇంజను, చేనుకు మందు కొట్టే పాత పంపు, పెళ్ళిళ్ళ టెంటువాళ్ళు వద్దనుకున్న జనరేటరు, ఇట్లాంటివన్నీ ఆ షెడ్డుకు చేరేవి. ఒక్కొక్కటి విప్పేవాడు, తుప్పు గీకేవాడు, మళ్ళీ కూర్చేవాడు. అది నడిచిన రోజు సంతోషంగా కాసేపు వినేవాడు. తర్వాత ఆపేసి గుడ్డ కప్పేవాడు. అమ్మడు, కిరాయికి ఇవ్వడు.

"దీనితోటి ఏమొస్తది కాకా?" అని ఒకసారి అడిగాను.

"సప్పుడస్తది" అన్నాడు. నేను నవ్వితే, "నవ్వకు బిడ్డా. ఊకున్న దానికి సప్పుడు తెచ్చుడు అల్కగ లేదు" అన్నాడు.

నేను ఆ షెడ్డులోకి పోవడం పోపుల డబ్బాతో మొదలైంది. ఒక మధ్యాహ్నం ఆయన గోడ దగ్గరికి వచ్చి, "బిడ్డా, నీ పోపుల డబ్బల ఆవాలు జీలకర్రల కలవయి గదా, నా నట్లు ఎట్ల కలుస్తున్నయి?" అని అడిగాడు. వెళ్ళి చూస్తే విప్పిన నట్లన్నీ ఒకే తట్టలో ఉన్నాయి. నాకు అది చూస్తూ ఊరుకోవడం చేతకాదు. ఇంట్లో ఏ వస్తువైనా తీసిన చోటే పెట్టాలి, లేకపోతే ఆ రోజంతా తలలో ఏదో గుచ్చుకుంటుంది. పాత పోపుల డబ్బా ఒకటి తెచ్చిచ్చాను. ఏ భాగం నుంచి విప్పిన నట్లు ఆ భాగం గిన్నెలో వేయమన్నాను. ఆయన ఆ డబ్బాను పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "ఇంత కాలం ఇది వంటింట్ల ఎందుకు దాసిండ్రు?" అన్నాడు. ఆ తర్వాత చింతపండు పిప్పి కూడా మా ఇంటి నుంచే పోయేది, ఇత్తడి భాగాలు తోమడానికి.

ట్రాక్టరు సంగతి వేరు. అది చిన్నమ్మ తండ్రిది. రామగిరి దిక్కున వాళ్ళ ఊళ్ళో మొట్టమొదట వచ్చిన ట్రాక్టరట. చిన్నతనంలో చిన్నమ్మ దాని మడ్‌గార్డు మీద కూర్చుని చేనంతా తిరిగిందట. ఆ తండ్రి పోయాక అది బావి పక్కన నిలబడిపోయింది. సీటులో కోళ్ళు గుడ్లు పెట్టాయి. తర్వాత ఆ ఊరు, నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గని కిందకు పోయింది. జనం తలుపులు, దూలాలు, దేవుడి పటాలు తీసుకుని లేచిపోయారు. చిన్నమ్మ వాళ్ళ అన్న ట్రాక్టరును పాత ఇనుము వాళ్ళకు ఇచ్చేస్తానంటే కాక పోయి ఇంకో ట్రాక్టరుకు కట్టి ఈడ్పించుకొచ్చాడు.

"అందరు తల్లిగారింటి నుంచి సారె తెచ్చుకుంటరు, నేను తుక్కు తెచ్చుకున్న" అని చిన్నమ్మ ఎగతాళి చేసేది. కానీ పొద్దున షెడ్డు ఊడ్చేటప్పుడు ఆ మడ్‌గార్డును కొంగుతో తుడవడం నేను చాలాసార్లు చూశాను.

ఆ ట్రాక్టరుకు ఆయన ముందుగా బాగుచేసింది ఇంజను కాదు, బ్రేకులు. కదలనే కదలని బండికి బ్రేకులు ఎందుకని మా ఆయన ఆటపట్టించాడు. "సీలలు తుప్పు పట్టినయి, పిస్టన్లు అతుక్కపోయినయి, బ్రేకు మాత్రం పెండ్లికొడుకు లెక్క తయారున్నది. ఎక్కడికి పోతదని మామా?"

"పోతే ఎట్ల ఆపుతవు మరి? స్టార్టు చేసుడు ఎవలకైన అస్తది అల్లుడా. ఆపుడు ముందుగాల నేర్సుకోవాలె" అన్నాడు కాక.

ఇది ఆయన తరచుగా అనే మాట. గని నుంచి తెచ్చుకున్న మాట. లోపల తాడు మీద టబ్బులు కదులుతున్నప్పుడు ఒక్క గంట కొడితే ఆగాలి. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని అడగకూడదు. ఆగిన తర్వాతే అడగాలి. ఇంట్లో కూడా అంతే. అన్నం చాలు అని చెప్పడానికి కంచం మీద వేలితో ఒక్కసారి కొట్టేవాడు. చిన్నమ్మ గరిటె అక్కడే ఆగేది.

పాత డీజిలు ఇంజన్లకు ఒక జబ్బు ఉంటుందని ఆయన చెప్పాడు. చాలా ఏళ్ళు మూలకు పడి ఉంటే లోపల డీజిలును ఎక్కువ తక్కువ చేసే పుల్ల ఎక్కడో ఒకచోట పట్టుకుపోతుంది. స్టార్టు కాగానే ఇంజను వేగం అందుకుంటుంది, ఇంక తగ్గదు. ఆపే కడ్డీ లాగినా వినదు. వేగం పెరిగి పెరిగి చివరికి ముక్కలైపోతుంది, దగ్గరున్న మనిషికి తగులుతుంది. అప్పుడు ఉన్నది ఒకే ఉపాయం, గాలి పీల్చే గొట్టం మూసేయడం. ఊపిరి ఆడకపోతే ఇంజను ఆగుతుంది. చేత్తో మూయకూడదు, గుడ్డతో మూయకూడదు, లోపలికి లాక్కుంటుంది. బల్లపరుపుగా, గట్టిగా ఉన్నది కావాలి.

దానికి మా ఇంట్లో కాలు విరిగిన చపాతీ పీట పనికొచ్చింది. మిగిలిన కాళ్ళు కూడా కోసేసి, ఒకవైపు సైకిలు ట్యూబు రబ్బరు అంటించాడు. పిండిమర ఇంజను మొదటిసారి నడిపినప్పుడు, ఆయిల్ ఇంజను నడిపినప్పుడు, ఆ పీట పట్టుకుని గొట్టం పక్కన నిలబడే పని నాకిచ్చాడు. నన్నే ఎందుకు అంటే ఆయన చెప్పిన కారణం ఇది: "పాలు పొంగేటప్పుడు అందరు పాలను చూస్తరు బిడ్డా. నువ్వు ఒక్కదానివే స్టవ్వు మీద చెయ్యి వెడ్తవు."

ఇంజను పని జరుగుతున్నన్ని రోజులు పీట ఆ గొట్టం మూతి మీద తీగతో కట్టి ఉండేది. అది ఉంటే పని నడుస్తున్నట్టు, ఎవరూ ముట్టుకోకూడదు. గనిలో యంత్రం మీద పనిచేసే ఫిట్టరు స్విచ్చుకు ఒక బోర్డు తగిలిస్తాడు. ఆ బోర్డు తగిలించినవాడే వచ్చి తీయాలి. పై ఆఫీసరైనా తీయకూడదు. తీస్తే లోపల చేతులు పెట్టి ఉన్న మనిషి ఏమవుతాడు? "పెట్టినోడే తియ్యాలె" అనేవాడు కాక. ఇంజను బాగైంది, భయం లేదు అనుకున్న రోజు పీట తీసి షెడ్డు గోడకున్న మేకుకు తగిలించేవాడు. అది ఆయన ఇచ్చే సర్టిఫికెట్టు.

ట్రాక్టరు పిస్టన్లు వదలడానికి చాలా నెలలు పట్టింది. డీజిలు, కిరోసిను పోసి నానబెట్టి, రోజూ కొంచెం కొంచెం తిప్పాడు. వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం మమ్మల్ని పిలిచాడు. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు అయిపోయేదాకా ఆగుదామన్నాడు. బ్లాస్టింగుకు మా ఇళ్ళల్లో గిన్నెలు గల్లుమంటాయి, ఆ చప్పుడులో ఇంజను చప్పుడు వినపడదు. నేల అదిరింది, కిటికీలు మూలిగాయి, మళ్ళీ నిశ్శబ్దం. అప్పుడు పీట తీసి నా చేతికిచ్చాడు.

"ఇంజన్ను చూడద్దు. నన్ను చూడద్దు. ఈ రంధ్రాన్ని చూడు. నేను చెయ్యి ఎత్తితె మూయి. ఎత్తకపోయినా నీకు బుగులైతే మూయి. ఊరికె మూసినవని ఎవ్వలు అనరు."

ట్రాక్టరు రెండుసార్లు మూలిగి, నల్లటి పొగ ఊది, అందుకుంది. చిన్నమ్మ చప్పట్లు కొట్టింది. "మా నాయిన బండి!" అని అరిచింది. మా ఆయన ఈల వేశాడు. నేను రంధ్రాన్నే చూస్తున్నాను. చప్పుడు కుదురుకుంటుందని ఎదురుచూశాను. కుదురుకోలేదు, పెరిగింది. కాక కడ్డీ లాగాడు, తగ్గలేదు. మళ్ళీ లాగాడు. పైన రేకులు టపటపా కొట్టుకుంటున్నాయి. పోపుల డబ్బా బల్ల మీద నుంచి జారి కిందపడింది. చిన్నమ్మ "యేసయ్యా" అంటూ గుమ్మం బయటికి పరుగెత్తింది. మా ఆయన నన్ను "ఇవుతలికి రా" అని అరుస్తున్నాడు. కాక చెయ్యి ఎత్తాడో లేదో నాకు తెలియదు, నేను ఆయనను చూడలేదు. పీటను రెండు చేతులతో మూతి మీద ఒత్తాను.

అది పీటను లాక్కున్న బలం నా మోచేతుల్లో ఇప్పటికీ ఉంది. ఇంజను ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, వణికింది, ఆగిపోయింది. చెవుల్లో హోరు ఒక్కటే మిగిలింది. పీట నుంచి నా చేతులు రాలేదు. కాక వచ్చి వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీశాడు.

అందరం షెడ్డు బయట కూర్చున్నాం. చిన్నమ్మే అంది, "అమ్మెయ్యి దాన్ని. మా నాయిన బండైతేంది, మన పానాలకన్న ఎక్కువనా?"

కాక చాలాసేపు ఆయాసపడ్డాడు. అప్పటికే ఆయన ఊపిరి అంతంతమాత్రం. "బండి చెడ్డది కాదు. ఏండ్లకేండ్లు మూలకు వడ్డది గదా, ఆగుడు మర్సిపోయింది. మల్ల నేర్పాలె" అన్నాడు. లేచి వెళ్ళి పీటను గొట్టం మూతి మీద పెట్టి తీగ చుట్టాడు.

ఆ తర్వాతి నెలలన్నీ ఆ ఒక్క పుల్ల మీదే. డీజిలు పంపు విప్పాడు, శుభ్రం చేశాడు, మళ్ళీ విప్పాడు. కొన్నిసార్లు పీట తీసి నా చేతికిచ్చి స్టార్టు చేసేవాడు. మెల్లగా నడిచేది, కడ్డీ లాగితే బుద్ధిగా ఆగేది. ఇంక బాగైనట్టే అనుకునేలోపు ఒకరోజు ఆపినప్పుడు రెండు క్షణాలు ఆలస్యంగా ఆగింది. నాకు తెలియనే లేదు. ఆయన ముఖం మారింది. పీట మళ్ళీ మూతి మీదికి పోయింది. మేకు ఖాళీగానే ఉంది.

ఆయన అడుగులు తగ్గాయి. షెడ్డుకూ ఇంటికీ మధ్య ఒక కుర్చీ వేసుకుని ఆగేవాడు. చిన్నమ్మ తిట్టేది, డాక్టరు తిట్టేవాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. నేను పోయినప్పుడు దీని మీదనే పోత. గప్పటిదాక దీన్ని సక్కగ చేస్త" అనేవాడు. ఈ మాట చర్చిలో అన్నాడు, చాయ్ హోటల్ దగ్గర అన్నాడు, రామకృష్ణాపూర్ నుంచి కూతురూ అల్లుడూ వచ్చినప్పుడల్లా అన్నాడు. వినని మనిషి కాలనీలో లేడు.

అందుకే ఆయన పోయిన మరునాడు మధ్యాహ్నం, శవపేటిక వాకిట్లోకి రాగానే అందరి కళ్ళూ షెడ్డు వైపే తిరిగాయి. ఎవరో ట్రాలీ తెచ్చి ట్రాక్టరుకు తగిలించారు. ట్రాలీలో తెల్ల గుడ్డ పరిచారు, బంతిపూల దండలు కట్టారు. కాక అల్లుడు కొత్త బ్యాటరీ తెచ్చి బిగించాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయిన మనిషి, ఏదో ఒక పని దొరికినందుకు తొందర తొందరగా చేస్తున్నాడు. సీటు మీద కూర్చుని, "ఆ పీట తీసెయ్యుండ్రి" అన్నాడు.

నేను అప్పటిదాకా లోపల ఆడవాళ్ళకు చాయ్ పోస్తున్నాను. ఆ మాట వినపడి గిన్నె కింద పెట్టి బయటికి వచ్చాను. ట్రాక్టరు చుట్టూ జనం. టైర్ల పక్కన పిల్లలు. ఒకతను తీగ ముడి విప్పుతున్నాడు. నేను పోయి పీట మీద అరచెయ్యి పెట్టాను.

"ఇది తియ్యద్దు" అన్నాను.

"ఎందుకక్కా?"

"కాక ఇంక తియ్యలే. బాగైతే మేకుకు పెట్టెటోడు. పొద్దుగాల చూద్దాం అన్నడు. చూడకముందే పోయిండు."

"మొన్న నడిచింది గదా, నేను ఫోన్ల సప్పుడు విన్న" అన్నాడు అల్లుడు.

"నడిచింది. ఆగుడు మీదనే నమ్మకం లేదు."

అతని ముఖం ఎర్రబడింది. "చపాతీ పీట జూపి మా మామ ఆఖరి కోరిక ఆపుతవా అక్కా? ఊరంతటికి చెప్పుకున్నడు. ఇగ ఆంబులెన్సుల పంపాల్నా ఆయనను?"

వెనక నుంచి ఎవరో, "ఆమె ఎవలు చెప్పనీకి? సుట్టమా, పక్కమా?" అన్నారు. నిజమే, నేను చుట్టాన్ని కాను. పాస్టరు గారు గడియారం చూసుకున్నారు. మా ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. చిన్నమ్మ గుమ్మంలో నుంచి నన్నే చూస్తోంది. ఆ చూపు తట్టుకోవడం కష్టమైంది. ఆ ట్రాక్టరు ఆమె తండ్రిది, ఆ పేటికలో ఉన్నది ఆమె మనిషి. ఇద్దరూ ఒకేసారి కదిలిపోవడం ఆమె చూడాలనుకుంటోంది. అడ్డంగా ఉన్నది నా చెయ్యి.

చెయ్యి తీయలేదు. తీస్తే స్టార్టు అవుతుంది. బహుశా బాగానే నడుస్తుంది, బహుశా బాగానే ఆగుతుంది. కానీ కాక ఎప్పుడూ ఆ "బహుశా"ను నమ్మలేదు, అందుకే నన్ను గొట్టం పక్కన నిలబెట్టేవాడు. రోడ్డు మీద పోయే బండికి అట్లా నిలబడే మనిషి ఉండడు.

అప్పుడు జనంలో నుంచి కర్ర ఊతంగా ఒక పెద్దాయన ముందుకు వచ్చాడు. గనిలో మా కాక పనిచేసిన షిఫ్టుకు సర్దారు, అంటే లోపలికి దిగిన మనుషుల భద్రత చూసే పెద్ద. రిటైరై చాలా ఏళ్ళయినా అందరూ సర్దారు అనే పిలుస్తారు. ఆయన పీటను చూశాడు, తీగను చూశాడు, నన్ను చూశాడు.

"పెట్టింది ఎవలు?"

"కాకనే. మొన్న పొద్దుగూకంగ."

"తియ్యమన్నడా?"

"తెల్లారి తానే తీస్త అన్నడు."

సర్దారు తల ఊపాడు. సీటు మీది అల్లుడి వైపు తిరిగాడు. "ఇంజను ముట్టకు బిడ్డా. పెట్టినోడే తియ్యాలె. పెట్టినోడు గీడ పండుకున్నడు."

గనిలో పనిచేసిన ముసలివాళ్ళు ఒక్కరు కూడా మారు మాట్లాడలేదు. అల్లుడు మాత్రం స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. "గట్లయితె మామ ఎట్ల పోవాలె దీని మీద?"

"పోడని ఎవలన్నరు? ఇంజను అద్దన్న. బండి అద్దనలేదు" అన్నాడు సర్దారు. కర్రను పక్కవాడికి ఇచ్చి చొక్కా చేతులు పైకి మడిచాడు. "టబ్బులు నూకి బతికినోళ్ళం. దీన్ని నూకలేమా?"

"చచ్చి గూడ మనతోటి డ్యూటీ చేయిస్తున్నడు ముసలోడు" అని ఎవరో అన్నారు. ఏడుస్తున్న జనంలో ఒక నవ్వు పుట్టి, మళ్ళీ ఏడుపులో కలిసిపోయింది.

పేటికను ట్రాలీ మీదికి ఎక్కించారు. అల్లుడినే సీటు మీద ఉంచి, "నువ్వు ఒకటే పని చెయ్యి, బ్రేకు మీద కాలు వెట్టు. నేను ఒక్కటి కొడితె తొక్కు. రెండు కొడితె మెల్లగ వదులు" అన్నాడు సర్దారు. తాను పెద్ద స్పానరు పట్టుకుని మడ్‌గార్డు పక్కన నడిచాడు. నాకు చక్రం కింద వేసే చెక్క దిమ్మెను ఇచ్చాడు. మా ఇంట్లో ఆడవాళ్ళు శ్మశానం దాకా పోరు. ఆ రోజు నన్ను ఎవరూ ఆపలేదు, నాకూ గుర్తు రాలేదు. దిమ్మె ఎత్తుకుని వెనక చక్రం పక్కన నడిచాను.

కాలనీ రోడ్ల మీద బాగానే సాగింది. ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, చర్చివాళ్ళు, గుడివాళ్ళు, షిఫ్టు దిగి నల్లటి ముఖాలతో నేరుగా వచ్చినవాళ్ళు, అందరూ భుజం ఆనించారు. ఇంజను లేని ట్రాక్టరు మెత్తగా, టైర్ల చప్పుడుతో పోయింది. ముందు పాస్టరు గారు, పాట పాడుతూ ఆడవాళ్ళు. సమాధుల దగ్గరికి చేరాలంటే గని తవ్విపోసిన మట్టి గుట్టను ఒరుసుకుంటూ పోయే రోడ్డు ఎక్కి దిగాలి. ఎక్కేటప్పుడు ఊపిరి ఆగినంత పనైంది. పైకి చేరాక అందరూ రొమ్ములు పట్టుకుని నిలబడ్డారు. అవతల దిగుడు. దిగుడు చివర సమాధుల గోడ, గోడ పక్కన గుంపుగా జనం.

నాకు అక్కడ భయమేసింది. ట్రాలీకి బ్రేకులు లేవు. వెనక తాడు కట్టి మగవాళ్ళు పట్టుకున్నారు గానీ బరువంతా ముందుకే పోతుంది. నాలుగు బారలు దిగిందో లేదో తాడు పట్టుకున్నవాళ్ళ చెప్పులు గులకరాళ్ళ మీద జారడం మొదలైంది. ట్రాలీ ట్రాక్టరును నెట్టింది. పేటిక ఒక అంగుళం ముందుకు జరిగిన చప్పుడు వినిపించింది. వెనక చిన్నమ్మ గొంతు, "పట్టుకోండ్రయ్యా, పట్టుకోండ్రి!"

సర్దారు మడ్‌గార్డు మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

అల్లుడు తొక్కాడు. రెండు పెద్ద చక్రాలూ ఒకేసారి బిగుసుకున్నాయి. నేను దిమ్మెను చక్రం ముందు తోశాను. బండి ఒకసారి ఊగి, నిలబడింది. ఆ దిగుడులో, అంత బరువుతో, గోడకు మేకు దిగినట్టు నిలబడింది. దుమ్ము మెల్లగా కిందకు దిగింది. ఏళ్ళ కింద, కదలని బండికి బ్రేకులెందుకని నవ్విన మా ఆయన తాడు చివర నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

రెండు దెబ్బలు. మెల్లగా వదిలారు. ఒక్క దెబ్బ. ఆగింది. అట్లా ఆగుతూ, వదులుతూ, కాక కిందికి దిగాడు. చివర గోడ దగ్గర అల్లుడు సీటు దిగి నా దగ్గరికి వచ్చాడు. "బ్రేకు మస్తు పట్టిందక్కా" అన్నాడు.

ట్రాక్టరును మళ్ళీ తోసుకొచ్చి షెడ్డులో పెట్టారు. కొన్నాళ్ళకు సర్దారు వచ్చి చిన్నమ్మతో ఒక మాట చెప్పాడు. బోర్డు తగిలించిన మనిషి ఎప్పటికీ తిరిగి రాకపోతే, దానికీ గనిలో ఒక పద్ధతి ఉందట. సర్దారు ఇద్దరు సాక్షులను తీసుకుని యంత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా చూసి, ఎవరి చెయ్యీ లోపల లేదని నమ్మకం కుదిరాక తీస్తాడట. "నీ మాటయితె మేం ముగ్గురం కూసుని విప్పుతం, ఆ పుల్ల సంగతి చూస్తం" అని మా ఆయననూ నన్నూ చూపించాడు. మా ఆయన సరే అన్నాడు. నేను పోపుల డబ్బా కడిగి పెడతానన్నాను.

చిన్నమ్మ కొంగుతో మడ్‌గార్డు తుడుస్తూ ఉంది. సర్దారు స్పానరు దెబ్బలకు అక్కడ చిన్న చిన్న సొట్టలు పడ్డాయి. వాటి మీద వేలు పెట్టి ఒక్కొక్కటి తడిమింది.

"విప్పుదురు తియ్యన్నా. జల్దేం లేదు. పీట ఉన్నంతసేపు పని నడుస్తున్నట్టే గదా. కొన్నొద్దులు నడవనియ్యి" అంది.

నేను ఇప్పటికీ పొద్దున పని ముగించుకుని గోడ దగ్గరికి పోతాను. చిన్నమ్మ మోచేతులు ఆనించి మాట్లాడుతుంది. ఆమె భుజం మీదుగా షెడ్డు లోపలంతా కనిపిస్తుంది. ఇంజన్ల పొగకు గోడంతా నల్లబడింది. మేకు కింద మాత్రం, పీట వేలాడే చోట, చపాతీ అంత గుండ్రంగా, సున్నం తెల్లగా అట్లాగే ఉంది.